తుంగ కోతల్లో అత్తయ్య పరీక్ష

ఆ ఏడు తుంగ కోతలూ, మా అత్తయ్య ఇంగ్లీషు పరీక్షా ఒకే వారంలో వచ్చి పడ్డాయి. ఇంట్లో ఉన్నది ముగ్గురం. అత్తయ్య మత్సుయో, మా ఆయన తెత్సురో, నేను. కోతల్లో ముగ్గురం ఆరుగురి పని చేస్తే గాని తెమలదు. అలాంటిది అందులో ఒకరు పలకా బలపం పట్టుకుని బడికి పోతానంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

యత్సుషిరో మైదానంలో మాది చాప తుంగ పండించే ఇల్లు. జూన్ చివర మొదలుపెట్టి జూలై నడిమికల్లా కోతలు ముగించాలి. కోసిన మోపుల్ని బూడిదరంగు మట్టి కలిపిన బురద తొట్టిలో ముంచి తీస్తాం. నీళ్ళు కారాక ఆరబెట్టే గదిలో నిలబెట్టి, కింద నుంచి వేడిగాలి వదులుతాం. అంతవరకూ ఎవరైనా చేస్తారు. గది తలుపు ఎప్పుడు తీయాలన్నది మాత్రం అత్తయ్య చెప్పాల్సిందే. మోపులోంచి ఒక పుల్ల లాగి, చెవి దగ్గర పెట్టుకుని వంచి వింటుంది. తొందరపడి తీస్తే తుంగ ఎర్రబడి బూజు పడుతుంది. ఆలస్యమైతే పెళుసెక్కి మగ్గం మీద విరుగుతుంది. ఏడాది పంట ఆవిడ చెవిలో ఉండేది.

నేను కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఒక్కనాడూ ఆ పుల్ల నా చేతికివ్వలేదు. నేర్పమని నేనూ అడగలేదు. మావైపు పనుల్లో నేర్పడమనే మాటే లేదు. పెద్దవాళ్ళు చేస్తుంటే పక్కన నిలబడి కళ్ళతో దొంగిలించుకోవాలి. నోరు తెరిచి అడిగితే, కళ్ళు పోయాయా అంటారు.

ఇక ఇంగ్లీషు సంగతి. డెబ్బై దాటిన మనిషికి ఇప్పుడదెందుకని ఊళ్ళో అడగని వాళ్ళు లేరు. అత్తయ్య అందరికీ ఒకటే జవాబు చెప్పేది, మతిమరుపు రాకుండా అని. నిజం నాకొక్కదానికే తెలుసు, అదీ ఒక చలికాలం సాయంత్రం నారింజ తొక్కలు తీస్తూ ఎటో చూస్తూ చెప్పింది. మిడిల్ స్కూల్లో ఆఖరి ఏడాది, సరిగ్గా జూలైలో, తుంగ కోతలకని వాళ్ళ నాన్న బడి మాన్పించాడట. అప్పట్లో యంత్రాలు లేవు, కొడవలే. తిరిగి బడికెళ్ళేసరికి నల్లబల్ల మీద ఎప్పుడూ చూడని వాక్యాలున్నాయి. ఇదేమిటండీ అని అడిగితే, ‘‘ఆ పాఠం అయిపోయింది, మత్సుయో’’ అన్నారట మేష్టారు. ఆ తర్వాతి పాఠాలన్నీ దాని మీదే కట్టినవి. ఒక్కటీ బుర్రకెక్కలేదు. బడి అయిపోయిన ఆ తర్వాతి వసంతంలోనే చాపల నేత మిల్లుకు పంపించేశారు.

‘‘అయిపోయిందన్నాడు. నాకింకా మొదలే కాలేదు’’ అంది అత్తయ్య, తొక్క మడతపెడుతూ.

అంతే, ఆ పాఠం కోసం ఇన్నాళ్ళకి మళ్ళీ కూర్చుంది. ఊరి సామాజిక భవనంలో రిటైరైన టీచరు కువబరా గారు వారానికొకసారి చెప్పే తరగతికి సైకిలేసుకుని వెళ్ళేది. తోడుగా నన్నూ లాక్కెళ్ళేది, తప్పుతుందా.

పాఠం కూడా సామాన్యమైనది కాదు, మమ్మల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించింది. మా భాషలో పోయింది అంటే పోయింది, తిన్నాను అంటే తిన్నాను. ఇంగ్లీషువాళ్ళకి అలా కాదట. జరిగి ముగిసిపోయినదానికి ఒక మాట, జరిగి ఇప్పటికీ మనల్ని పట్టుకుని ఉన్నదానికి వేరే మాట. కువబరా గారు పాపం నానా తంటాలూ పడి గొడుగు కథ చెప్పారు. మొన్న గొడుగు పోయింది, మర్నాడు కొత్తది కొన్నాను అంటే మొదటిది. గొడుగు పోయింది, అందుకే ఇదిగో వానలో ఇలా నిలబడ్డాను అంటే రెండోది.

అత్తయ్య చెయ్యెత్తింది.

‘‘వానలో తడుస్తున్నవాణ్ణి చూస్తే గొడుగు లేదని కనిపిస్తూనే ఉంటుంది కదండీ. మళ్ళీ నోటితో చెప్పడం దేనికి?’’

తరగతంతా నవ్వింది. కువబరా గారు కూడా నవ్వి, అందుకే మనకి ఆ మాట లేదేమో అన్నారు.

అయినా పట్టు వదల్లేదావిడ. బురద తొట్టి దగ్గర మోపులు ముంచుతూ గో, వెంట్, గాన్ అనుకునేది. ముంచడానికి గో, నీళ్ళలో వెంట్, పైకి తీస్తే గాన్. ఊరగాయ దోసకాయలు తరుగుతూ ఈట్, ఏట్, ఈటెన్. రాత పరీక్ష రెండుసార్లు తప్పి, కిందటి అక్టోబరులో గట్టెక్కింది. ఆ రోజు పండగలకి చేసే ఎర్రగింజల అన్నం వండుకున్నాం.

తర్వాతిది మాటల పరీక్ష. కుమమొతో పట్నం వెళ్ళి, ఒక గదిలో ఎదురుగా కూర్చున్న మనిషి అడిగినవాటికి జవాబులు చెప్పాలి. అక్కడ చతికిలపడింది. నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఇంకోసారి. రాత పరీక్ష పాసైన లెక్క ఏడాదే చెల్లుతుంది. జూలైలో కూడా తప్పితే మళ్ళీ అఆల దగ్గర్నుంచి మొదలెట్టాలి. ఇంకోసారి అంత ఓపిక తనకి లేదని ముందే చెప్పేసింది.

ఎందుకు తప్పుతోందో మే నెలలో గాని బయటపడలేదు. పొలం గట్టు మీద కూర్చుని బార్లీ టీ తాగుతున్నాం. నేను పరీక్షాధికారినై ప్రశ్నలు వేస్తున్నాను. పరీక్షలో చివరికెప్పుడూ ‘హావ్ యూ ఎవర్’ అని మొదలయ్యే ప్రశ్న ఒకటి వస్తుంది, మీరెప్పుడైనా ఫలానాది చేశారా అని. నేను, మీరెప్పుడైనా తతామీ చాప నేశారా అని అడిగాను.

‘‘నో’’ అంది అత్తయ్య, వినయంగా తల వంచి.

మిల్లులో, ఇంట్లో కలిపి ఆవిడ నేసిన చాపలు పరిస్తే ఊరు నిండుతుంది. ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ నో. ఎప్పుడైనా వంట చేశారా? నో. కూరగాయలు పండించారా? నో, నాట్ యెట్. ఇంకా లేదట!

‘‘అత్తయ్యా, నవంబరులో ఏమడిగారు మిమ్మల్ని?’’

‘‘పూలమొక్కలు పెంచావా అన్నారు.’’

‘‘ఏమన్నారు?’’

‘‘నో అన్నాను.’’

‘‘ఫిబ్రవరిలో?’’

‘‘స్నేహితుల కోసం వంట చేశావా అన్నారు. నో అన్నాను. ఎందుకు చేయలేదూ అన్నట్టు ఇంకేదో అడిగాడు. లేచి వంగి దణ్ణం పెట్టి వచ్చేశాను.’’

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వ్యాకరణమంతా నోటికి వచ్చు, కానీ చేశానని మాత్రం నోట రాదు. ఉన్నదున్నట్టు చెప్పడానికేమని అడిగితే, నాకేదో బుద్ధి తక్కువైనట్టు చూసింది.

‘‘చదువుకున్న మనిషి ఎదురుగా కూర్చుని, నేను వంట చేశాను, నేను మొక్కలు పెంచాను అని సొంత డబ్బా కొట్టుకోమంటావా? పక్కింటి ఓనిషి గారి చామంతుల ముందు నావీ ఒక పూలేనా?’’

‘‘వాళ్ళకి మీ చామంతులు బాగున్నాయో లేదో అక్కర్లేదత్తయ్యా. పెంచారో లేదో చాలు.’’

‘‘పెంచానని ఎదుటివాళ్ళు అనాలి. మనమే అనుకుంటామా?’’

ఇక్కడ నాకూ కాస్త కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎదుటివాళ్ళు ఏదైనా అంటారేమోనని చూస్తున్నదాన్ని నేను. వండితే బాగుందనరు, ముంచితే బాగా ముంచావనరు. అనకపోతే బాగున్నట్టే అనుకోవాలి. ఆ మాట పైకి అనలేదు గాని, టీ గిన్నె కొంచెం గట్టిగానే పెట్టాను.

‘‘బడిలో పేరు పిలిస్తే పిల్లలేమంటారు?’’ అన్నాను.

‘‘ఉన్నానండీ అంటారు.’’

‘‘అదీ సొంత డబ్బాయేనా?’’

అత్తయ్య మిగిలిన టీ గట్టు మీద పారబోసి లేచింది.

జూన్ వానలు వెళ్ళీ వెళ్ళకముందే పరీక్ష తేదీ తెలిసింది. జూలైలో మొదటి ఆదివారం. అంటే కోతలు నడినెత్తికెక్కే రోజు. మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు తెత్సురో, ముంచుకొచ్చే వానని చూస్తే మాత్రం కన్నతల్లినైనా మోపులెత్తమనే రకం. పరీక్షలకేం, ఏడాదికి మూడుసార్లు వస్తాయి, పంట ఒక్కసారే వస్తుంది అన్నాడు. అత్తయ్య ఎదురు చెప్పలేదు. సరేలే చూద్దాం అంది. ఆ చూద్దాం అంటే వద్దులే అనే అర్థమని మా ఇంట్లో గోడలక్కూడా తెలుసు.

నాకు మాత్రం అన్నం సహించలేదు. అప్పుడూ తుంగ కోతలే, ఇప్పుడూ తుంగ కోతలే. అప్పుడు వాళ్ళ నాన్న, ఇప్పుడు కొడుకు. ఒక మనిషి దగ్గర ఒకే పాఠాన్ని రెండుసార్లు లాక్కుంటుందా ఈ గడ్డి అనిపించింది. అలాగని చేయగలిగిందీ లేదు. శనివారం కోసినది ఆదివారం పొద్దున ఆరబెట్టే గదిలో సిద్ధమవుతుంది. ఆ వేళకి అత్తయ్య పట్నంలో ఉండాలి. తలుపు ఎప్పుడు తీయాలో ఎవరు చెప్పాలి?

శనివారం అనుకున్నట్టే కోశాం, ముంచాం, గదికెత్తాం. ఆదివారం పొద్దున నేను వంటింట్లోకి వచ్చేసరికి అత్తయ్య అప్పటికే సిద్ధమై ఉంది, కానీ పట్నానికి కాదు. ముతక ప్యాంటు, తలకి తువ్వాలు, మోచేతుల దాకా నీలం గుడ్డ తొడుగులు. ఇస్త్రీ చేసి పెట్టిన తెల్ల జాకెట్టు గోడకి అలాగే వేలాడుతోంది. మిసో చారు కలుపుతూ, ఇవాళ ఎండ బాగా కాసేట్టుంది అంది.

‘‘అత్తయ్యా, రైలుకి టైమవుతోంది.’’

‘‘ఏ రైలు?’’

తెత్సురో అన్నం గిన్నెలోంచి తల ఎత్తలేదు.

‘‘ఇవాళ గది నేను చూస్తాను’’ అన్నాను.

ఆ మాట అనాలని ముందు అనుకోలేదు. తెత్సురో తల ఎత్తాడు. ఏడాది పంట అన్నట్టు నా వైపు చూశాడు గాని, వాళ్ళమ్మ ముందు నోరెత్తలేదు. అత్తయ్య గరిటె పక్కన పెట్టింది.

‘‘నీకెవరు నేర్పారు?’’

‘‘ఎవరూ నేర్పలేదు.’’

వాకిట్లో కాకులు అరుస్తున్నాయి. చారు పొంగబోతుంటే తెత్సురోనే లేచి మంట తగ్గించాడు. తర్వాత అత్తయ్య మోచేతి తొడుగులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి, మడతపెట్టి, నా అన్నం గిన్నె పక్కన పెట్టింది.

‘‘గోధుమరంగు మచ్చల తువ్వాలు తీసుకోకు, అది చెమట పీల్చదు’’ అని చెప్పి, గోడకి ఉన్న తెల్ల జాకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది.

తెత్సురో ఆవిణ్ణి స్టేషన్‌లో దింపి వచ్చేసరికి నేను గది ముందు నిలబడి ఉన్నాను. ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి చూసినదంతా ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయింది. పక్క కిటికీలోంచి ఒక పుల్ల లాగి చెవి దగ్గర వంచాను. వేడిగాలి వదిలే మర రొద తప్ప ఏమీ వినిపించలేదు. తెత్సురో తన గడియారం చూసుకుని, అమ్మయితే ఈపాటికి తీసేది అన్నాడు. నిజమే, మామూలు రోజైతే తీసేది. కానీ ముందు రోజు సాయంత్రం గాలి తేమగా ఉంది, మోపులు నీళ్ళు పూర్తిగా కారకుండానే ఎక్కించాం. అలాంటి రోజుల్లో అత్తయ్య పుల్లని విన్నాక తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఏమీ చెప్పకుండా వెళ్ళి ఒక మడి కలుపు తీసి వచ్చేది. అది గుర్తొచ్చింది. గాలి మర ఆపమన్నాను. ఇంకో పుల్ల లాగి వంచాను. ఈసారి వినిపించింది. పచ్చి ఇంకా లోపల ఉన్నట్టు మెత్తగా, మూసుకుపోయిన గొంతులా ఉంది.

మర మళ్ళీ వేసి, ఇంకాసేపు ఉండాలి అన్నాను. నేను వెళ్ళి అత్తయ్య కూరగాయల మడిలో కలుపు తీశాను. కంగారులో కలుపుతో పాటు ఒక వంగ మొక్క కూడా పీకేశాను. తిరిగొచ్చి మర ఆపి, మూడో పుల్ల చెవి దగ్గర వంచితే సన్నగా, పొడిగా పలికింది. అప్పుడు తలుపు తీశాం. ఎండిన తుంగ వాసన ఒక్కసారిగా మొహాన కొట్టింది. మోపులు పచ్చగా, మీద మట్టి పొడితో వెండిలా ఉన్నాయి. వెలుతురు తగలకుండా నల్ల సంచుల్లో కట్టి, కొట్టంలో పెట్టాం. బాగున్నాయో లేదో నాకు తెలియదు. బాగున్నట్టే ఉన్నాయి.

సాయంత్రం అత్తయ్య స్టేషన్ నుంచి బస్సులో దిగి, ఇంట్లోకి రాకుండా నేరుగా కొట్టానికి వెళ్ళింది. పాలిష్ బూట్లతో, తెల్ల జాకెట్టుతో. నేను వాకిట్లోంచి చూస్తున్నాను. ఒక సంచి మూతి విప్పి, చెయ్యి లోపలికి, బాగా అడుగు దాకా పెట్టి ఒక పుల్ల లాగింది. వంచి విన్నది. ఇంకో సంచి. మళ్ళీ విన్నది. పుల్లలు రెండూ తిరిగి దోపి, సంచుల మూతులు ముడేసి, జాకెట్టుకంటిన మట్టి దులుపుకుని వచ్చింది.

‘‘ఆకలేస్తోంది’’ అంది.

చల్లటి సేమ్యా, ఊరేసిన వంకాయలు పెట్టాను. తెత్సురో ఆగలేక అడిగాడు, పరీక్ష ఎలా అయిందని. బానే ఉంది, ఆ గదిలో ఏసీ ఎక్కువ పెట్టారు అంది. చదవమన్నది చదివిందట, బొమ్మ చూసి ఎవరేం చేస్తున్నారో చెప్పిందట.

‘‘హావ్ యూ ఎవర్?’’ అన్నాను నేను.

‘‘వచ్చింది.’’

‘‘ఏమడిగారు?’’

‘‘ఎవరికైనా ఏదైనా నేర్పావా అన్నాడు.’’

నా చేతిలో సేమ్యా తినే పుల్లలు ఆగిపోయాయి. లోకంలో ఇన్ని ప్రశ్నలుండగా ఇదే రావాలా! మా వైపు ఏ పనివాణ్ణి అడిగినా నేర్పాననడు, పీక మీద కత్తి పెట్టినా అనడు. మూడోసారి కూడా అయిపోయిందనుకున్నాను.

‘‘యెస్ అన్నాను’’ అంది అత్తయ్య, వంకాయ ముక్క అందుకుంటూ.

తెత్సురో పగలబడి నవ్వాడు. పరీక్షలో అబద్ధాలాడొచ్చా అన్నాడు. నువ్వు ఎవరికి నేర్పావమ్మా, నాకు సైకిలు తొక్కడం కూడా పక్కింటి ఓనిషి గారే నేర్పారు అన్నాడు. అత్తయ్య కొడుకు వైపు చూడలేదు.

‘‘తర్వాత?’’ అన్నాను.

‘‘ఇంకా చెప్పమన్నాడు. చెప్పాను. నా కోడలికి తుంగ ఆరబెట్టడం నేర్పాను అన్నాను. ఇవాళ తలుపు తను తీస్తోంది, అందుకే నేనిక్కడ ఉన్నాను అన్నాను. తప్పుల్లేకుండానే వచ్చిందనుకుంటా. ఆయన తల ఊపాడు.’’

తెత్సురో నవ్వు ఆపేశాడు. నేను లేచి, అవసరం లేకపోయినా, బార్లీ టీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. పరీక్ష పది గంటలకి. పది గంటలకి నేనింకా వంగ మొక్క పీకిన మడిలో కూర్చుని ఉన్నాను. తలుపు తీయలేదు. ఆవిడ ఇంకా ఏ పుల్లా వినలేదు, ఏ సంచీ విప్పలేదు. అక్కడ, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, అప్పటికే యెస్ అనేసింది. కళ్ళు మండాయి. ఉల్లికాడలు తరుగుతున్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను.

పాసైన సంగతి నెలాఖరులో తెలిసింది. కువబరా గారు పుచ్చకాయ పట్టుకుని వచ్చారు. అదంతా తర్వాతి మాట.

మర్నాడు సోమవారం, మళ్ళీ కోతలు, మళ్ళీ గది. నేను వెళ్ళేసరికి అత్తయ్య మామూలుగానే అక్కడుంది, ముతక ప్యాంటు, తువ్వాలుతో. చేతులకి మాత్రం తొడుగులు లేవు. నా చేతులకున్నాయి, ఇచ్చేయడం మరిచిపోయాను. తీయబోతుంటే వద్దన్నట్టు తల ఊపి, గది తలుపు నుంచి ఒక అడుగు పక్కకి జరిగి నిలబడింది, ఇన్నేళ్ళూ నేను నిలబడిన చోట.

‘‘ఏమంటోంది?’’ అని అడిగింది.

నేను పుల్ల లాగి, చెవి దగ్గర పెట్టుకుని వంచాను.